పలకమీది పాఠము, పళ్లెములోని పాఠము

దానియేలు గ్రంథములోని మొదటి అధ్యాయమును మన సండే స్కూలు పిల్లలందరు ఎరుగుదురు. చెరపట్టబడి బబులోనుకు కొనిపోబడిన నలుగురు యౌవనస్థులు రాజు పంపిన భోజనమును ముట్టక, శాకధాన్యములను నీళ్లను మాత్రమే అడిగిరి. వారిమీద నియమింపబడిన అధికారి భయపడగా, పది దినములు మమ్మును పరీక్షించి చూడుమని వేడుకొనిరి. ఆ దినములు గడచిన తరువాత వారి ముఖములు తక్కిన బాలుర ముఖములకంటె కళగా కనబడెను. వారు రాజభోజనమును మానినది ఆరోగ్యము నిమిత్తము కాదు, దేవుని యెడల భక్తి నిమిత్తమే. అయినను ఆ అధ్యాయములో మనము తరచుగా గమనింపని సంగతి యొకటి యున్నది. ఆ నలుగురు మూడు సంవత్సరముల చదువుకై ఏర్పరచబడిన విద్యార్థులు. వారి చదువును, వారి భోజనమును ఒకే రాజాజ్ఞలో నిర్ణయింపబడెను. విద్యార్థి ఏమి తినుచున్నాడను ప్రశ్న చదువునకు సంబంధించిన ప్రశ్నయే అని ఆ పురాతన కాలపు రాజసభ సహితము ఎరిగియుండెను.

మన తెలుగు సీమలో ఈ సంగతి అంత త్వరగా గ్రహింపబడలేదు. ఏమి తినవలెనో బడిలో నేర్పవలెనన్న తలంపు మనకు ఇంచుమించు నూరేండ్లనుండి మాత్రమే కలదు. ఆ నూరేండ్ల చరిత్రలో పండితుల శోధనలు కలవు, ప్రభుత్వముల ఆజ్ఞలు కలవు, ఓడలలో వచ్చిన పాలపొడి కలదు, వంట చేయు స్త్రీ కులమును గూర్చిన తగవులును కలవు. పుస్తకములోని పాఠమును పళ్లెము బలపరచినప్పుడు పిల్లలు దానిని నేర్చుకొనిరి. పళ్లెము బలపరచనప్పుడు ఆ పాఠము పలకమీది అక్షరములవలె తుడిచివేయబడెను. గ్రామ సంఘములవారు ఈ చరిత్రను తెలిసికొనుట మేలు. ఏలయనగా ఆ పళ్లెములయెదుట కూర్చుండువారిలో మన పిల్లలే అనేకులు.

తవుడుతో పోయిన బలము

గంజాము మొదలుకొని గుంటూరు వరకు గల కోస్తా జిల్లాలను పూర్వము ఉత్తర సర్కారులని పిలుచుచుండిరి. నదుల నీటితో, కాలువలతో, వరిపైరుతో నిండిన దేశమది. అయినను ఇండియా దేశమంతటిలో బెరిబెరి అను వ్యాధి మిక్కిలిగా కనబడినది ఈ పంటసీమలోనే. ఆ వ్యాధి తగిలినవారికి కాళ్లు తిమ్మిరెక్కును, నడక తప్పును. కొందరికి ఒడలు నీరుపట్టి, గుండె నీరసించి ప్రాణము పోవును. తల్లిపాలు తప్ప మరి ఏమియు ఎరుగని పసిబిడ్డలు కూడ, పుట్టిన కొద్ది నెలలకే, దీనివలన చనిపోవుచుండిరి. తల్లి దేహములో లేనిది తల్లిపాలలోనికి ఎట్లు వచ్చును? ఈ ప్రాంతపు శిశుమరణములను గూర్చి ఆక్రాయిడ్ దొరయు ఆయన సహకారియు చేసిన పరిశోధన 1941లో ప్రచురింపబడెను.

ఈ వ్యాధికి మూలము సముద్రమునకు ఆవలనున్న జావా ద్వీపములో ముందుగా బయలుపడెను. 1890 ప్రాంతమున ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు అక్కడ పనిచేయుచుండగా, ఆయన పెంచుచున్న కోళ్లు కాళ్లు పడిపోయి కూలిపోవుట చూచెను. సైనికుల ఆసుపత్రిలో మిగిలిన తెల్లని అన్నమును వాటికి పెట్టుచుండిరి. కొంతకాలమునకు క్రొత్త వంటవాడు వచ్చి, సైనికుల అన్నము ఈ కోళ్లకు పెట్టనని నిరాకరించెను. అప్పుడు వాటికి పైపొర తీయని ముతక బియ్యము పెట్టవలసివచ్చెను. కోళ్లు లేచి తిరుగసాగెను! పండితుడు కనుగొనవలెనని వెదకుచున్న దానిని వంటవాని పట్టుదల చూపించెను. బియ్యమును తెల్లగా చేయుటలో తీసివేయబడు పైపొరలో ప్రాణాధారమైనది ఏదియో కలదని క్రమముగా తేలెను. 1912లో ఫుంక్ అను పండితుడు అట్టి పదార్థములకు విటమినులను పేరు పెట్టెను. 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమానము లభించెను.

సర్కారు జిల్లాల కష్టమునకు కారణము ఇదే. ఇక్కడివారు మరలలో తెల్లగా పట్టించిన పచ్చి బియ్యము తినుచుండిరి. అరవ జిల్లాలవారును బియ్యమే తినుచుండిరి గాని, వారిలో అనేకులు తినునది ఉప్పుడు బియ్యము. వడ్లను నానబెట్టి ఆవిరిమీద ఉడికించినప్పుడు పైపొరలోని సారము కొంత గింజలోనికి దిగి నిలుచును. అందుచేత వారికి ఈ వ్యాధి అంతగా రాలేదు. పూర్వము మన స్త్రీలు రోటిలో రోకళ్లతో దంచుకొనిన బియ్యములో తవుడు కొంత మిగిలియుండెడిది. మరలు వచ్చిన తరువాత దంపుడు బియ్యము బీదతనమునకు గుర్తుగాను, మల్లెపువ్వువంటి అన్నము గౌరవమునకు గుర్తుగాను ఎంచబడెను. తవుడు పశువుల తొట్టిలోనికి పోయెను. గంజి వార్చి పారబోయబడెను. పశువులకు బలము కలిగెను, బిడ్డలకు వ్యాధి కలిగెను. ఆకలి లేని ఇంటిలో కూడ కొరత యుండవచ్చునని, కడుపు నిండుట వేరు దేహము పోషింపబడుట వేరు అని మనవారికి నేర్పుటకు బెరిబెరి మొదటి పాఠమాయెను.

కూనూరులోని ఒక గది

ఈ బెరిబెరిని గూర్చి విచారించుటకే 1918లో నీలగిరి కొండలమీద కూనూరులోని పాశ్చర్ సంస్థలో ఒక్క గదిలో ఒక పరిశోధన ప్రారంభమాయెను. దానిని ప్రారంభించినవాడు రాబర్ట్ మెకారిసన్ అను ఐర్లండు దేశపు వైద్యుడు. ఆ ఒక్క గదియే పెరిగి 1928లో పోషకాహార పరిశోధనశాలగా ఏర్పడెను.

మెకారిసన్ దొర చేసిన పరిశోధనలలో ఒకటి దానియేలు అడిగిన పరీక్షను జ్ఞాపకము చేయును. ఆయన ఎలుకలను గుంపులుగా విభజించి, మన దేశములోని వేరువేరు జనులు తిను భోజనమును వేరువేరు గుంపులకు పెట్టెను. సిక్కులు తినునట్లు ముడి గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరగాయలు, అప్పుడప్పుడు మాంసము తినిన ఎలుకలు అన్నిటికంటె బాగుగా పెరిగెను. చెన్నపట్టణపు భోజనమని ఆయన పేర్కొనినది తినిన ఎలుకలు అన్నిటికంటె తక్కువగా పెరిగెను. అందులో తెల్లని అన్నము విస్తారము, పాలును కూరలును స్వల్పము. ఆ దినములలో కోస్తా జిల్లాలును రాయలసీమయు చెన్నపట్టణపు రాజధానిలోనివే గనుక ఆ తీర్పు మన విస్తరిమీద కూడ పడినది. తప్పు అన్నము తినుటలో లేదు. అన్నము ఒక్కటే రాజువలె కూర్చుండి, పప్పును పాలను ఆకుకూరలను మూలకు నెట్టివేయుటలో నున్నది.

పరిశోధనశాలలో తెలిసినదానిని జనులకు ఎట్లు చేర్చవలెను? మెకారిసన్ దొర బడివైపు చూచెను. 1928లో ఆయన వ్రాసిన చిన్న పుస్తకమొకటి చెన్నపట్టణమందు ప్రకటింపబడెను. దాని పేరు ‘ఆహారము’ అని అర్థమిచ్చు ఒకే యొక్క ఇంగ్లీషు మాట. ఇండియాలోని పాఠశాలలకు, కళాశాలలకు, సంక్షేమ కేంద్రములకు, స్కౌటు బాలబాలికల దళములకు ఉపయోగపడుటకై అది వ్రాయబడెను. మన దేశపు బడిపిల్లల నిమిత్తము పోషణశాస్త్రమును పాఠముగా కూర్చిన తొలి ప్రయత్నములలో అది యొకటి. ఆయన తరువాత 1935లో ఆ శాలకు అధిపతియైన ఆక్రాయిడ్ దొర 1937లో మరియొక చిన్న పుస్తకమును వెలువరించెను. మన దేశపు ధాన్యములలో, పప్పులలో, కూరలలో, పండ్లలో ఏ యే సారములు ఎంతెంత గలవో అందులో పట్టికలుగా చూపబడెను. పేదవాని పెరటిలో మొలచు తోటకూర, మునగాకు ఎంత విలువగలవో ఆ పట్టికలు చూచినవారికి తెలిసెను.

పుస్తకములు మంచివే. అయితే 1931 జనాభా లెక్కలనాటికి ఈ దేశములో అక్షరజ్ఞానము గలవారు నూటికి పదిమందియైనను లేరు. బడికి వచ్చిన బిడ్డలలో అనేకులు ప్రొద్దున ఏమియు తినకయే వచ్చుచుండిరి. పాలు, పండ్లు తినవలెనని నల్లబల్లమీద వ్రాసినయెడల, పాలు కొనలేని ఇంటి బిడ్డ దానిని చదివి ఏమి చేయగలడు? ఆకలిగొన్నవాడు చూచుచుండగా విందును వర్ణించినట్లుండెను. పాఠము సత్యమే గాని, అది పళ్లెములోనికి దిగలేదు.

ఒక అణా ఫలహారము

పళ్లెమునుండి ప్రారంభించినవారు వేరొక చోట నుండిరి. 1920లో చెన్నపట్టణపు నగర సంస్థకు అధ్యక్షుడుగా నుండిన పిట్టి త్యాగరాయ చెట్టిగారు తెలుగు కుటుంబమునకు చెందినవారు. థౌజండ్ లైట్స్ ప్రాంతములోని నగర సంస్థ బడిలో చదువు బీద పిల్లలకు, తలకు దినమునకు ఒక అణాకు మించకుండ ఫలహారము పెట్టవలెనని ఆ సంవత్సరమే తీర్మానింపబడెను. ఆకలిచేత బడి మానుచున్న పిల్లలు వచ్చుటకు అది తోడ్పడెను. తరువాత మరికొన్ని బడులకు వ్యాపించెను. అయితే ప్రాథమిక విద్యకై నియమింపబడిన నిధిలోనుండి ఈ ఖర్చు చేయరాదని ప్రభుత్వము అభ్యంతరము చెప్పుటచేత 1925లో అది నిలిచిపోయెను. కొంతకాలమునకు మరల సాగెను. బిడ్డకు తిండి పెట్టుట విద్యలో భాగమా కాదా అను ప్రశ్న ఆనాడే లెక్కల పుస్తకములయెదుట నిలిచినదని గమనింపుడు. బబులోను రాజసభలో సందేహము లేని సంగతి మన కచ్చేరీలలో సందేహమాయెను. 1956లో కామరాజుగారు ముఖ్యమంత్రిగా నుండగా మధ్యాహ్న భోజనము ఆ రాష్ట్రపు గ్రామములకు చేరనారంభించెను.

మన ఆంధ్రప్రదేశ్ బడులలో 1960ల దశకమున కేర్ అను అమెరికా సహాయ సంస్థ పంపిన ఆహారము వండి పెట్టబడెను. క్రైస్తవ సహాయ సంఘముల ద్వారా వచ్చిన పాలపొడియు అనేక గ్రామములలో పంచబడెను. ఆ కాలపు పిల్లలు ఇప్పుడు తాతలు, అవ్వలు. గంగాళములో కాగిన పాలపొడి పాలను, మొక్కజొన్న పిండి ఉప్మాను వారిలో అనేకులు నేటికిని జ్ఞాపకము చేసికొందురు. ఆ దానము అనేకుల ఆకలి తీర్చెను. అందునిమిత్తము దేవునికి స్తోత్రము. అయినను దానిలో ఒక లోటు కలదు. ఓడలో వచ్చిన పిండి బిడ్డకు బలమిచ్చెను గాని, ఆ బిడ్డ తల్లికి ఏమియు నేర్పలేదు. అట్టి పిండి ఆమె పొలములో పండదు, ఆమె ఊరి సంతలో దొరకదు. ఓడ రాని దినమున పళ్లెము ఖాళీయాయెను.

ఈ లోటును పూరించుటకు అదే దశకమున మరియొక ప్రయత్నము జరిగెను. యునిసెఫ్ మొదలగు అంతర్జాతీయ సంస్థల సహాయముతో ప్రభుత్వము నడిపిన ఆ కార్యక్రమములో బడితోటలు వేయుట, కోళ్లు పెంచుట, చెరువులలో చేపలు పెంచుట నేర్పబడెను. ఊరివారు తమ చేతులతో పండించినదానిని తమ బిడ్డలకే పెట్టవలెనని దాని ఉద్దేశము. కంచె లేని చోట పశువులు తోటను మేసివేయును, నీరు లేని చోట మడి ఎండిపోవును, ఉత్సాహముగల ఉపాధ్యాయుడు బదిలీయైనచోట పాదులు బీడుపడును. ఇట్టి తోటలకు ఎక్కడనైనను ఇవే శత్రువులు. అయినను తోట నిలిచినచోట పిల్లవాడు గింజ వేయుటనుండి కూర తినువరకు అంతయు నేర్చుకొనును. అతడు నీళ్లు పోసి పెంచిన తోటకూరను అతనిచేత తినిపించుటకు ఎవరును బెదిరింపనక్కరలేదు.

హైదరాబాదుకు వచ్చిన శాల

1958లో కూనూరులోని పరిశోధనశాల హైదరాబాదునకు మార్చబడెను. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అను పేరు వచ్చెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు సమీపమున తార్నాకలో అది నేటికిని పనిచేయుచున్నది. తెలుగువారి బెరిబెరిని విచారించుటకు పుట్టిన శాల తెలుగువారి మధ్యకే వచ్చుట దేవుని ఏర్పాటని చెప్పుటకు సందేహింపను.

ఇక్కడికి వచ్చిన తరువాత దానికి క్రొత్త ప్రశ్న ఎదురాయెను. ఇది జొన్నలు తిను సీమ. జొన్న రొట్టె, జొన్న గటకతోనే దినములు గడుపు పేదవారిలో పెల్లాగ్రా అను వ్యాధి కనబడెను. ఎండ తగులు మెడయు చేతులును నల్లబడి, చర్మము పొరలు పొరలుగా లేచును. మనస్సు కూడ కలత చెందును. జొన్నలలో ల్యూసిను అను పదార్థము హెచ్చుగా నుండుట దీనికి ఒక కారణమై యుండవచ్చునని గోపాలన్, శ్రీకంటియా అను పండితులు 1960లో ప్రకటించిరి. జొన్న చెడ్డదని దీని అర్థము కాదు. పప్పు, ఆకుకూర, కొంచెము పాలు, గ్రుడ్డు తోడైనవాని యింట జొన్న చక్కని ఆహారము. తోడు లేని జొన్న వ్యాధి తెచ్చెను, తోడు లేని తెల్ల బియ్యము కూడ వ్యాధి తెచ్చెను. ఏ ధాన్యమును ఒంటరిగా మనుష్యుని పోషింపలేదు. సంఘమును అనేక అవయవములుగల దేహముతో పోల్చిన పౌలు మాటలను ఎరిగిన మనకు దీనిని గ్రహించుట కష్టము కాదు.

మరియొక శత్రువు రేచీకటి. ప్రొద్దు గ్రుంకగానే ముంగిటనున్న చెంబును తన్నుకొని పడు బిడ్డను, బడిలో మందబుద్ధి అని తిట్టుటయు కలదు. విటమిను ‘ఏ’ కొరతచేత ముందు రాత్రి చూపు తగ్గును, తరువాత కంటి నల్లగ్రుడ్డే కరగిపోయి నిత్యాంధత్వము కలుగును. ఆరు నెలలకొకసారి ఈ విటమినును అధిక మోతాదులో బిడ్డల నోట పోయు పద్ధతిని హైదరాబాదు శాలవారు పరీక్షించి చూపిరి; 1970లో అది దేశవ్యాప్తమైన కార్యక్రమమాయెను. అయితే ఆ చూపును కాపాడు సారము మునగాకులో, తోటకూరలో, బొప్పాయి పండులో, మామిడి పండులో దేవుడు ముందే ఉంచియున్నాడు.

మన భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని కూడ ఇక్కడ తలంచుకొనవలెను. అమెరికాలో ఆయన నడిపించిన పరిశోధకులు 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేయు విధము చూపిరి. రక్తము వృద్ధియగుటకు అవసరమైన ఈ విటమినుకు ఆకు అని అర్థమిచ్చు లాటిను మాటనుండి పేరు వచ్చెను. 2013నుండి బడిలో కిశోర ప్రాయపు బాలబాలికలకు వారమునకొకటి ఇచ్చు నీలిరంగు మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది ఇదే.

పంక్తిలో కూర్చుండుట

1995 ఆగస్టు 15న దేశమంతటికిని బడిభోజన పథకము ప్రారంభమాయెను. అయితే అనేక రాష్ట్రములలో వండిన అన్నమునకు మారుగా, బడికి క్రమముగా వచ్చు బిడ్డకు నెలకు 3 కిలోల ధాన్యము ఇచ్చి పంపుచుండిరి. ఆ ధాన్యము ఇల్లు చేరి అందరిలో కలసిపోవును. బడిలో బిడ్డ ఆకలి అట్లే యుండును. పౌరహక్కుల ప్రజాసంఘమువారు వేసిన దావాలో 2001 నవంబరు 28న సుప్రీముకోర్టు ఒక ఆజ్ఞ ఇచ్చెను. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలోను ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలలోను వండిన భోజనమునే పెట్టవలెను. అందులో 300 కేలరీలకు, 8 మొదలు 12 గ్రాముల మాంసకృత్తులకు తక్కువ ఉండరాదు. సంవత్సరమునకు 200 దినములకు తగ్గరాదు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుండి బడులలో పొయ్యి వెలిగెను. ఎనుబది సంవత్సరముల క్రిందట కచ్చేరీలో నిలిచిన ప్రశ్నకు న్యాయస్థానము జవాబిచ్చెను: బిడ్డ భోజనము దానము కాదు, బిడ్డ హక్కు.

పొయ్యి వెలిగిన వెంటనే పాత తగవు కూడ పొగలేచెను. వంట చేయువారెవరు? ఎవరి ప్రక్కన ఎవరు కూర్చుండవలెను? 2004 ఏప్రిలులో సుప్రీముకోర్టు వంటవారి నియామకములో దళితులకును, షెడ్యూల్డు కులములవారికిని, తెగలవారికిని ప్రాధాన్యమియ్యవలెనని ఆజ్ఞాపించెను. దేశములో అక్కడక్కడ కొందరు తలిదండ్రులు, దళిత స్త్రీ వండిన అన్నము మా బిడ్డలు తినరని తగవు పెట్టిరి. మన సంఘములకు ఈ సంగతి చెప్పి తెలుపనక్కరలేదు. ఊరి బావినుండి నీళ్లు చేదుకొనలేకపోయినవారి మనుమలు మన ఆరాధనలలో కూర్చుండుచున్నారు.

అంతియొకయలో ఇట్టిదే జరిగెను. అన్యజనులతో కలసి భోజనము చేయుచుండిన పేతురు, కొందరు వచ్చినప్పుడు వారికి భయపడి వెనుకతీసెను. పౌలు అతనిని అందరియెదుట గద్దించెను. పంక్తినుండి లేచిపోవుట సువార్తనే కాదనుట అని పౌలు గ్రహించెను గనుకనే అంత గట్టిగా మాటలాడెను. బడిపంక్తిలో ఒకే గరిటెనుండి అన్నము పెట్టించుకొని, ప్రక్క ప్రక్కన కూర్చుండి తినిన బిడ్డలు, ఏ పుస్తకములోను లేని పాఠమును నేర్చుకొనుచున్నారు. అందుచేత పళ్లెము రెండు పాఠములు చెప్పును: ఏమి తినవలెను, ఎవరితో తినవలెను. రెండవది నేర్వని బిడ్డకు మొదటిది ఎంత చక్కగా వచ్చినను అతని చదువు సగమే.

రాగిజావ తిరిగివచ్చుట

ఒకప్పుడు తెల్లన్నము తినుట గొప్పతనమని చెప్పితిని. కూలి చేసికొని బ్రదికిన మన పూర్వికులు రాగి సంకటి, జొన్న రొట్టె, కొఱ్ఱన్నము, పొలము గట్లమీది ఆకుకూరలు తినిరి. వారి బిడ్డలు చదువుకొని ఉద్యోగములు చేసిన తరువాత ఆ తిండిని చెప్పుకొనుటకు సిగ్గుపడిరి. చౌకదుకాణములో బియ్యము చవుకగా దొరకుటచేత మెట్టపంటలు మరి వెనుకబడెను. అయితే జహీరాబాదు ప్రాంతములోని పస్తాపూరు చుట్టుప్రక్కల గ్రామములలో, అధికభాగము దళితులైన స్త్రీలు, దక్కను అభివృద్ధి సంఘముతో కలసి, తమ జొన్నలను, సజ్జలను, విత్తక మొలచు ఆకుకూరలను విడువక కాపాడిరి. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించెను. ఆ సంవత్సరము మార్చి 21న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలకు బెల్లముతో రాగిజావ ఇచ్చుట ప్రారంభమాయెను. 100 గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు మించి కాల్షియము కలదు. మరపట్టిన బియ్యములో సుమారు 10 మాత్రమే. ఇల్లు కట్టువారు త్రోసివేసిన రాయి మూలకు తలరాయి యగుట మన విస్తరిలో కూడ జరిగెను!

అయినను పని ముగియలేదు. 2019 మొదలు 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, అయిదేండ్లలోపు బిడ్డలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63, తెలంగాణలో నూటికి 70 మంది అని తేలెను. మరియొక ప్రక్క, బడివాకిట రంగురంగుల పొట్లములు, తీపి పానీయములు వ్రేలాడుచున్నవి. బడికి 50 మీటర్ల లోపల క్రొవ్వు, ఉప్పు, చక్కెర అధికముగానున్న పదార్థములు అమ్మరాదని 2020లో నిబంధన వచ్చెను. నిబంధన కాగితముమీద నున్నది; బిడ్డ చేతిలో పదిరూపాయల పొట్లమున్నది. అన్నము పెట్టలేని తల్లియు ఆ పొట్లము కొనిపెట్టి బిడ్డ ఏడ్పు మాన్పుచున్నది. ఒకే ఇంటిలో రక్తము లేని బిడ్డయు, చక్కెర వ్యాధిగల తండ్రియు కనబడుట నేటి వింత.

కావున ప్రియ సహోదరీ సహోదరులారా, సంఘముగా మనము చేయదగినవి కొన్ని కలవు. వాటికి గొప్ప ధనము అక్కరలేదు.

మొదటిది, మందిరపు ఆవరణములో ఒక మునగచెట్టు, ఒక కరివేపచెట్టు, రెండు మడుల తోటకూర, పాలకూర వేయుడి. సండే స్కూలు పిల్లలకు వాటిని అప్పగించుడి. కోతపండుగనాడు వారు పండించిన కూరకట్టలను కానుకగా తెచ్చిననాడు ఆ పాఠము వారు మరువరు.

రెండవది, ప్రేమవిందులో తెల్లన్నము, మాంసపు కూర మాత్రమే గాక పప్పును ఆకుకూరను తప్పక చేయుడి. మూడు పాళ్లు ధాన్యమునకు ఒక పాలు పప్పు చేరినయెడల రెండింటిలోని మాంసకృత్తులు ఒకదానినొకటి బలపరచును. ఆకుకూరతో నిమ్మకాయ పిండుకొనిన యెడల అందులోని ఇనుము దేహమునకు బాగుగా పట్టును. భోజనముతో టీ త్రాగిన యెడల అది తగ్గిపోవును. కూరలను తరిగిన తరువాత గాక తరుగకమునుపే కడుగవలెను. గంజిని పారబోయక ఇంకునట్లు అన్నము వండవలెను. పళ్లెములో సగభాగము కూరలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లు ఉండవలెనని హైదరాబాదులోని జాతీయ సంస్థవారు 2024లో ప్రకటించిన సూచనలలో చూపిరి. స్త్రీల సమాజములలో వాక్యధ్యానము ముగిసిన పిమ్మట పది నిమిషములు వీటిని మాటలాడుకొనిన యెడల వాక్యమునకు అవమానము కలుగదు.

మూడవది, మిషను హాస్టళ్లను నడుపువారు వంటశాలను బడిలో ఒక తరగతిగా ఎంచవలెను. నీళ్ల చారుతో అన్నము పెట్టి, గోడమీద పోషకాహారపు పటము తగిలించినయెడల బిడ్డలు పటమును కాదు, చారునే నమ్ముదురు.

నాలుగవది, మీ ఊరి బడిలో మధ్యాహ్నము వండు సహోదరిని గౌరవింపుడి. తల్లిదండ్రుల కమిటీలో ఉన్నవారు నెలకొకసారియైనను వెళ్లి, పిల్లలతో నేలమీద కూర్చుండి, ఆమె వండినది తినుడి. లోటు కనబడినయెడల మెల్లగా చెప్పుడి. మేలు కనబడినయెడల అందరు వినునట్లు చెప్పుడి. పెద్దలు ఆ పంక్తిలో కూర్చుండుట పిల్లలు చూచినప్పుడు, ఆ పంక్తినుండి లేచిపొమ్మని చెప్పువాని మాట వారి చెవికి ఎక్కదు.

యాయీరు కుమార్తెను ప్రభువు లేపిన వృత్తాంతము మీరెరుగుదురు. చనిపోయిన పండ్రెండేండ్ల పిల్ల లేచి నడువసాగెను. ఇంటివారు మిక్కిలి విస్మయమొందిరి. అంతటి అద్భుతకార్యము జరిగిన గడియలో ప్రభువు వారికి చెప్పిన మాట, ఆ పిల్లకు తినుటకు ఏదైన పెట్టుడని. ప్రాణమును మరల ఇచ్చువాడు ఆయన ఒక్కడే; ఆ పని మనుష్యులది కాదు. కాని అన్నము పెట్టు పనిని ఆయన ఆ తల్లిదండ్రులకు విడిచిపెట్టెను. ఆనందములో వారు మరచిపోయినదానిని ఆయన జ్ఞాపకము చేసెను. మన బిడ్డలను చదువులోనికి, విశ్వాసములోనికి లేపుమని మనము ప్రతి ఆదివారము ఆయనను వేడుకొనుచున్నాము. ఆయన లేపుచునే యున్నాడు. మన వంతుగా విడువబడిన పని పొయ్యిదగ్గర, పెరటిలో, బడిపంక్తిలో మనకొరకు కనిపెట్టుకొనియున్నది.